రోళ్లపాడు గద్దల లెక్క ఎందుకు?

మీరు కల్లూరువాసులైతే రోళ్లపాడు అభయారణ్యం సుమారు గంట ప్రయాణం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైంది. ఇప్పుడు ఆ పిట్ట కనిపించడమే అరుదు.

ఏ గద్దలు?
చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే హారియర్లు. వీటిలో పాలిడ్ హారియర్ ముప్పుకు చేరువైన జాతి.

ఎలా లెక్కిస్తారు?
పగలు చెదిరిపోయి వేటాడతాయి. సాయంత్రం గడ్డిలో నేలమీదే నిద్రకు గుంపుగా చేరతాయి. అప్పుడే లెక్క.

ఒక్క ఏడాది చాలదా?
చాలదు. వానలు, మిడతలను బట్టి సంఖ్య మారుతుంది. ఏళ్ల లెక్కలుంటేనే అసలు తగ్గుదల తెలుస్తుంది.

రైతుకేంటి?
ఇవి మిడతలను తింటాయి. గడ్డినేల పోతే ఇవీ రావు.

మీరేం చేయాలి?
సాయంత్రం గడ్డిలోకి వెళ్లొద్దు. చూసినవి ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. గాయపడిన గద్ద కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పండి.