ఎడమచేతివాటము గల రైతులు – పంట కాపుదల తుపాకి

ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిడ్డలను చదివించుచు, తార్నాకలో కాపురముండి స్వగ్రామమున సేద్యము చేయించు పట్టాదారులు కొందఱు అడవిపందుల బాధకు రైఫిలు కొనఁదలంతురు. (తార్నాక యనఁగా తీఁగకంచె కడ కావలి యని చెప్పుదురు, పొలమునకును మొదట వలసినది కంచెయే.) 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, పంట చెఱచు పందినైనను అధికారి వ్రాఁతమూలకమగు అనుమతి లేక చంపరాదు. తుపాకికి 1959 నాఁటి ఆయుధ చట్టము క్రింద లైసెన్సు వేఱుగఁ బొందవలెను.

ముందు గురికన్ను తెలిసికొనుఁడు. రెండు కన్నులు తెఱచి, బొటనవ్రేలితో దూరపుచెట్టును గప్పి, కుడికన్ను మూయుఁడు. వ్రేలు చెట్టునుండి తొలఁగనిచో గురికన్ను ఎడమది. తుపాకి ఎడమభుజముననే ఆనింపవలెను.

అట్టివారు బోరుకన్న ముందు బోల్టును జూడవలెను. ఇషాపూరు కర్మాగారపు .315 రైఫిలునకు బోల్టుపిడి కుడివైపుననుండును. రెండవ తూటా ఎక్కించుటకు ఎడమచేయి మీటను విడిచి తుపాకిమీఁదుగాఁ బోవలెను, గురి చెడును. గాయపడిన పంది మీఁదికి వచ్చుటకు ఆ వ్యవధి చాలును.

రెండు గొట్టముల 12 బోరు తుపాకికి బోల్టు లేదు. రెండవ గుండు వెంటనే పేల్చవచ్చును. అయినను కుడిచేతివారికై చేసినదాని కొయ్య కొంచెము కుడికి వంగియుండవచ్చును గనుక, భుజమున నానించి చూచియే కొనుఁడు. ఒంటిగుండుతో 40 గజములకు మించి కాల్చకుండుట మేలు. ఆఫ్రికాలో ఏనుఁగులకు వాడు .375 బోరు ఇచ్చట వలదు. దాని గుండు పందిని దాఁటి, అవతలి మడిలోని కూలీని తాఁకవచ్చును.