వార్తల్లో పదం: సెయికాత్సు హోగో

2013-15 మధ్య పేదల భృతిలో పెట్టిన కోతలు చట్టవిరుద్ధమని 2025 జూన్‌లో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ భృతి పేరే సెయికాత్సు హోగో.

యుద్ధంలో చితికిన దేశంలో 1946లో దీనికి చట్టం వచ్చింది. మొదట్లో ఎవరు పేదలో చెప్పడంలో మిన్సెయి ఇయిన్ అనే స్వచ్ఛంద కార్యకర్తలదే ప్రధాన పాత్ర. 1950 చట్టం సాయాన్ని హక్కుగా మార్చి, ఆ పని జీతం తీసుకునే ఉద్యోగుల చేతిలో పెట్టింది. రేట్లు కేంద్రానివి; ఖర్చులో కూడా అప్పట్లో 80 శాతం కేంద్రానిదే. దరఖాస్తులు, ఇంటి తనిఖీలు, బంధువులు ఆదుకోగలరా అన్న ఆరా మాత్రం నగర సంక్షేమ కార్యాలయాలవి. అసలు చిక్కంతా ఆ ఆరాలోనే.

అసాహి షిగెరు ఒకయామాలో క్షయ రోగి. నెలకు 600 యెన్‌ల భృతి అందేది. ఆ లెక్కలో లోచొక్కా రెండేళ్లకొకటి! త్సుయామా నగర కార్యాలయం ఆయన అన్నను వెతికిపట్టి, నెలకు 1,500 యెన్‌లు పంపించమంది. తీరా అందులో 900 వైద్యానికి జమకట్టి, మిగతా 600 ఉన్నాయి కదా అని భృతి ఆపేసింది. ఆయన 1957లో కోర్టుకెక్కారు, 1960లో కింది కోర్టులో నెగ్గారు. పైకోర్టులో ఓడారు, 1964లో కన్నుమూశారు. ఆయన మరణంతోనే దావా ముగిసిందని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోగా భృతి రేట్లు మాత్రం పెరిగాయి.