బిజీ వెయిటింగ్

కంప్యూటర్‌లో చెప్పుకోదగ్గ పనేదీ నడవకపోయినా ఒక ప్రాసెసర్ కోర్ 100 శాతం వాడకం చూపిస్తుంటే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. హార్డ్‌వేర్ పని ముగించిందా అని డ్రైవర్ ఆగకుండా అడుగుతూ ఒకే లూప్‌లో గిరగిరా తిరగడమే బిజీ వెయిటింగ్. చుట్టం వచ్చాడేమోనని క్షణానికోసారి తలుపు తీసి చూడటం లాంటిది. కాలింగ్ బెల్ ఉండగా ఆ అవస్థ ఎందుకు? ఆ బెల్లే ఇంటరప్ట్.

లినక్స్‌లో దీనికి విరుగుడు డ్రైవర్ థ్రెడ్‌ను నిద్రపుచ్చడం. థ్రెడ్ వెయిట్ క్యూలో చేరి కోర్‌ను షెడ్యూలర్‌కు వదిలేస్తుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ లేపితే లేస్తుంది. తిరకాసంతా ఇక్కడే. పని కాలేదని చూసుకుని నిద్రకు ఉపక్రమించే రెప్పపాటులో పిలుపు వస్తే? అది వృథా అయి, థ్రెడ్ ఇక లేవకపోవచ్చు. అందుకే ముందు తన స్థితిని ‘నిద్ర’గా మార్చుకుని, ఆ తర్వాత షరతును మరోసారి చూసుకోవాలి. వెయిట్-ఈవెంట్ మాక్రోలు ఈ క్రమాన్ని పాటిస్తాయి. సొంతంగా రాసే సాహసం చేయకపోవడమే మేలు.

ఇంటరప్ట్ ఇవ్వని పరికరమైతే కాసేపు పడుకుని, లేచి చూడాలి. నిద్రపుచ్చే ఎం-స్లీప్ ఫంక్షన్‌ను 1 మిల్లీసెకను అడిగితే 20 దాకా పట్టొచ్చు. చిన్న వ్యవధులకు యు-స్లీప్-రేంజ్ ఉంది. 10 మైక్రోసెకన్ల లోపైతే నిద్రలేపే ఖర్చే ఎక్కువ, తిరగడమే నయం. స్పిన్‌లాక్ పట్టుకున్నప్పుడు, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఉన్నప్పుడు నిద్ర నిషిద్ధం.

అన్నట్టు, సిగ్నల్స్‌కు కూడా లేవని గాఢనిద్రలో ఉన్న థ్రెడ్‌నూ లినక్స్ మామూలుగా లోడ్ యావరేజ్‌లో కలుపుతుంది. కోర్లన్నీ ఖాళీగా ఉన్నా లోడ్ 1 దగ్గర తిష్ఠ వేసిందంటే కారణం అదే కావచ్చు.