రేకు వెలలో దాగిన రెండు కొలతలు

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ చుట్టుపట్ల నిజాంసాగరు కాలువ నీటితో వరి పండించే గ్రామములు ఎన్నో ఉన్నవి. ఇటువంటి ఊళ్లలో ఇంటి వసారాకో, పశువుల కొట్టమునకో, కొన్నిచోట్ల ఇంటికే ఇనుప రేకులు కప్పుకొంటారు. రేకులు కొనవచ్చిన రైతు ఎదుట ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే మెరుపు గల రెండు రేకులు పెట్టి, ఒకదానికి 1,100 రూపాయలు, రెండవదానికి 1,000 రూపాయలు చెప్పినారనుకొందాము. ఇవి లెక్క కొరకు ఊహించిన అంకెలే. చూపునకు రెంటికీ తేడా లేదు కనుక రైతు చౌకదానినే కొంటాడు. నిజముగా అది చౌకయేనా? దీనికి సమాధానము హైస్కూలులో నేర్చిన లెక్కలలోను, రసాయన శాస్త్రములోను ఉన్నది.

రేకునకు అలలు ఎందుకు?

మనము ఇనుప రేకు అని పిలిచేది నిజానికి పలుచని ఉక్కు రేకు. ఒక కాగితమును రెండు పుస్తకముల మధ్య వంతెనవలె పరచి, దానిపై ఒక నాణెము ఉంచండి. కాగితము కుంగిపోతుంది. అదే కాగితమును విసనకర్రవలె మడతలు పెట్టి ఉంచితే అనేక నాణెములను మోస్తుంది. కాగితము బరువు పెరగలేదు. దాని ఆకారము మాత్రమే మారినది. ఈ సూత్రముపై ఆధారపడిన అలల రేకునకు 1829లో లండనులో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు పేటెంటు పొందినాడు. అలల వలన పలుచని రేకు కూడ గట్టిగా కనిపిస్తుంది. కొనేవాడు మోసపోయే అవకాశమూ ఇక్కడనే ఉన్నది.

మొదటి కొలత: ఉక్కు మందము

ఒక ఘనమీటరు ఉక్కు 7,850 కిలోగ్రాములు తూగుతుంది. కనుక ఒక చదరపు మీటరు వైశాల్యము, ఒక మిల్లీమీటరు మందము గల రేకు బరువు 7.85 కిలోలు. ఇప్పుడు మన రేకును కొలుద్దాము. పొడవు 10 అడుగులు, అనగా 3.05 మీటర్లు. వెడల్పును తిన్నగా కొలువరాదు. ఒక దారమును అలల వెంబడి ఆనించి, పిదప దానిని చాచి కొలవాలి. అది 90 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాము. వైశాల్యము 2.745 చదరపు మీటర్లు.

మందము 0.50 మిల్లీమీటరు అయితే బరువు 10.77 కిలోలు, 0.40 అయితే 8.62 కిలోలు. పదవ వంతు మిల్లీమీటరును కన్ను పట్టలేదు, కాని త్రాసు రెండు కిలోలకు పైగా తేడా చూపుతుంది. పైన అనుకొన్న వెలలను ఈ బరువులతో భాగించి చూడండి. 1,100 రూపాయల రేకు కిలో 102 రూపాయలు పడినది. 1,000 రూపాయల రేకు కిలో 116 రూపాయలు పడినది. చౌకగా తోచినదే ప్రియమైనది!

రంగు రేకుల విషయములో మరొక జాగ్రత్త అవసరము. వాటిపై చెప్పే మందములో రంగు, లోహపు పూత కూడ కలిసి ఉండవచ్చును. అట్టి 0.50 రేకులో ఉక్కు 0.43 మాత్రమే ఉండవచ్చును. కనుక ఉక్కు మందమెంత అని విడిగా అడగాలి.

రెండవ కొలత: యశదపు పూత

ఉక్కు తడిగాలికి తుప్పుపడుతుంది. దీనిని నివారించుటకు యశదము, అనగా జింకు, పూత వేసే పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశమున స్టానిస్లాస్ సొరెల్ పేటెంటు పొందినాడు. యశదము రంగువలె ఉక్కును కప్పి ఊరుకొనదు. ఎలక్ట్రోడు పొటెన్షియలు యశదమునకు -0.76 వోల్టులు, ఇనుమునకు -0.44 వోల్టులు. అందుచే రేకు గీసుకొనిపోయి ఉక్కు బయటపడినను, తడి తగిలినప్పుడు ముందు యశదమే క్షయించి, ప్రక్కనున్న ఇనుమును కాపాడుతుంది. అది ఉన్నంత కాలము రేకు క్షేమము.

భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 277 ఈ పూతను చదరపు మీటరునకు గ్రాములలో, రెండు వైపులు కలిపి చెబుతుంది. 120 గ్రాముల పూత అంటే ఒక్కొక్క వైపు సుమారు 8.4 మైక్రానులు, 275 గ్రాములంటే సుమారు 19 మైక్రానులు. సముద్రమునకు దూరమైన పల్లె గాలిలో పూత ఏడాదికి 0.7 మైక్రాను చొప్పున అరుగుతుందనుకొంటే, మొదటిది 12 సంవత్సరములు, రెండవది 27 సంవత్సరములు నిలుస్తుంది. మన రేకుపై ఈ రెంటికీ గల తేడా 425 గ్రాముల యశదము మాత్రమే. కిలో వెలలో యశదము ఉక్కును మించినదే అయినా, ఈ అరకిలోకు లోపు లోహము రేకు ఆయువును రెట్టింపునకు మించి పెంచుచున్నది.

కప్పులో దాగే భాగము

రేకుల అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కాలి. 90 సెంటీమీటర్ల సాదా రేకు అలలు తీర్చిన పిదప సుమారు 81 సెంటీమీటర్లు అవుతుంది. ఒకటిన్నర అల మేర ప్రక్క రేకు క్రిందికి పోగా, కప్పేది 70 సెంటీమీటర్లే. ఏడు రేకులు కొంటే దాదాపు ఒక రేకంత అతుకులలోనే పోతుందన్నమాట. ఇంటి వైశాల్యమునకు సరిగా లెక్కవేసి కొన్నవారికి చివర రేకులు చాలకపోవుటకు ఇదే కారణము. రంధ్రములు అల గట్టుపైననే వేయాలి. గాడిలో వేస్తే వాన నీరు లోనికి దిగుతుంది.

ఇక ఎండ మాట. రేకు ఎంత మందమైనా ఇంటిని చల్లబరచదు. ఉక్కు వేడిని సులువుగా ప్రసరింపజేస్తుంది. మండు వేసవిలో ఉపశమనము కావాలంటే పైన తెల్లరంగు, క్రింద గాలి ఆడే కప్పు అవసరము. ఆ ఖర్చు వేరుగా లెక్కించుకోవాలి.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక పాత రేకును దారముతో కొలిపించి, తూయించి, దాని మందమును కట్టించవచ్చును. ఆ లెక్క నేర్చిన బాలుడు తండ్రితో దుకాణమునకు పోయినప్పుడు, రేకును తూచమని, బిల్లులో ఉక్కు మందము, పూత బరువు వ్రాయమని అడుగుతాడు. రెండు దశాబ్దములపాటు ఆ ఇంటిపై కురిసే వానలకు అదే జవాబు చెబుతుంది.