పాత రివాల్వర్ కొనవచ్చా? చట్టం ఏం చెబుతోంది, కొనేముందు ఏం చూడాలి

ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సు పొందిన వ్యక్తి ముందు రెండు మార్గాలుంటాయి. కొత్త రివాల్వర్ కొనుక్కోవడం ఒకటి, మరొకరు వాడినది తీసుకోవడం రెండోది. ఇతర వస్తువుల్లో పాతది చవకగా దొరుకుతుంది. రివాల్వర్ల విషయంలో చాలాసార్లు ఇది తిరగబడుతుంది. 1980ల మధ్యకాలం నుంచి సాధారణ పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి వీల్లేకపోవడమే ఇందుకు కారణం. అంతకుముందు దేశంలోకి వచ్చిన బ్రిటిష్, అమెరికన్ రివాల్వర్లే చేతులు మారుతూ వస్తున్నాయి. వాటి ధరలో నాణ్యత కంటే కొరత వాటా ఎక్కువ. అందువల్ల పాత రివాల్వర్ కొనాలా వద్దా అన్నది ధర ఒక్కదానితో తేలే ప్రశ్న కాదు.

పాత ఆయుధాలు ఎక్కడి నుంచి వస్తాయి?

లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆయుధాన్ని ఇంట్లో అలాగే ఉంచుకోకూడదు. పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ దానిని జమచేయాలి. తర్వాత తమ పేరిట లైసెన్సు తీసుకోవచ్చు, లేదా అర్హులకు అమ్మవచ్చు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. మూడో ఆయుధాన్ని జమచేయడానికి ఏడాది గడువిచ్చారు.

కొత్తవాటిలోనూ ఇప్పుడు ఎంపిక పెరిగింది. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో విడుదల చేసిన .32 బోరు ‘నిర్భీక్’ బరువు సుమారు 500 గ్రాములు. అప్పట్లో ధర దాదాపు రూ.1.22 లక్షలు. 2023లో ప్రభుత్వ రంగ సంస్థ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా ‘ప్రబల్’ పేరుతో, సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్‌ను తెచ్చింది. పాతదానికి అడిగే ధరను ముందుగా వీటితో పోల్చి చూడాలి.

లైసెన్సు ముందు, బేరం తర్వాత

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు నివేదిక వచ్చాక జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనర్ నిర్ణయం తీసుకుంటారు. 2016 నిబంధనలు ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణకు, ఇంట్లో సురక్షితంగా దాచే ఏర్పాటుకు చోటు కల్పించాయి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మన రాజ్యాంగం అమెరికాలో మాదిరిగా ఆయుధం ధరించే హక్కును ఎవరికీ ఇవ్వలేదని సుప్రీంకోర్టు 2023లో ఒక కేసు విచారణలో గుర్తుచేసింది.

పాత రివాల్వర్ల విషయంలో చాలామంది బోల్తా పడేది బోరు దగ్గర. .380, .455 రిమ్ తూటాలు పట్టే రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వాటికి జిల్లా అధికారి ఇచ్చే సాధారణ లైసెన్సు చాలదు. వెబ్లీ కంపెనీ రివాల్వర్లు .32లోనూ ఉన్నాయి, .38లోనూ ఉన్నాయి. చూపులకు రెండూ ఒకేలా కనిపించవచ్చు. గొట్టం మీద చెక్కిన అక్షరాలను, లైసెన్సులో రాసిన బోరును పక్కపక్కన పెట్టి సరిపోల్చాలి.

చేతులు మారే పద్ధతి

సొంత అవసరానికి ఉంచుకున్న ఆయుధాన్ని లైసెన్సుదారు మరో అర్హుడికి నేరుగా అమ్మవచ్చు. అయితే కొనే వ్యక్తి పేరు, చిరునామా తెలియజేస్తూ జిల్లా మేజిస్ట్రేట్‌కు లేదా సమీప పోలీసు స్టేషన్ అధికారికి ముందుగా రాతపూర్వక సమాచారం ఇవ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. ఈలోగా డబ్బు ఇచ్చి ఆయుధం తెచ్చుకుంటే ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

తయారీదారు పేరు, సీరియల్ నంబర్ వంటి గుర్తింపు లేని తుపాకీని అమ్మడం చట్టవిరుద్ధం. నంబరును అరగదీసిన జాడ కనిపించినా, అమ్మే వ్యక్తి లైసెన్సులోని అంకెలతో తేడా ఉన్నా బేరం అక్కడితో ఆపేయాలి. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండు నుంచి ఐదేళ్ల జైలు.

యంత్రంలో ఏం చూడాలి?

ముందు ఆయుధం ఖాళీగా ఉందని అరలన్నీ తెరిచి కంటితో చూసి నిర్ధారించుకోవాలి. పరీక్షను లైసెన్సు గల వ్యాపారి దుకాణంలో, అనుభవజ్ఞుడైన తుపాకీ మరమ్మతుదారు చేత చేయించడం ఉత్తమం.

రివాల్వర్‌కు ప్రాణం సిలిండర్. హ్యామర్ వెనక్కి లాగినప్పుడు తూటా ఉండే అర, గొట్టం ఒకే వరుసలోకి వచ్చి గట్టిగా నిలవాలి. ఏ ఒక్క అర కొద్దిగా పక్కకు జరిగి నిలిచినా, పేల్చినప్పుడు తూటా గొట్టం అంచును రాసుకుంటుంది. సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి. అందుకే ఆరు అరలనూ విడివిడిగా పరీక్షించాలి. వెబ్లీ తరహాలో మధ్యలో విరిచి తెరిచే రివాల్వర్లలో కీలు, పైగొళ్లెం అరిగిపోవడం సాధారణం. మూసిన తర్వాత గొట్టం కదిలితే ఆ అరుగుదల బయటపడినట్టే.

వెనక్కి లాగి నిలిపిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు నెట్టినప్పుడు జారి పడకూడదు. గొట్టం లోపల తుప్పు గుంటలు, ఉబ్బు, పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. బయట కొత్తగా వేయించిన మెరుగు చూసి మోసపోరాదు. అది తుప్పును కప్పిపుచ్చేందుకు వేసినదీ కావచ్చు. దశాబ్దాల నాటి విదేశీ మోడళ్లకు విడిభాగాలు దొరకడం కష్టం. ఒక్క స్ప్రింగు విరిగినా ఆయుధం మూలన పడుతుంది.

ఇంటికి తెచ్చేముందు

రివాల్వర్ ఉంటే ఇల్లు భద్రమన్న నమ్మకాన్ని పరిశోధనలు ప్రశ్నిస్తున్నాయి. కాలిఫోర్నియాలో సుమారు 2.6 కోట్ల మంది వివరాలతో చేసిన అధ్యయనం 2020లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. చేతి తుపాకీ ఉన్న పురుషుల్లో తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ముప్పు, లేనివారి కంటే దాదాపు ఎనిమిది రెట్లు అధికమని తేలింది. మహిళల్లో అది సుమారు 35 రెట్లు. అక్కడి పరిస్థితులు వేరైనా, ఇంట్లో కుంగుబాటుతో బాధపడేవారు, మద్యపాన వ్యసనం ఉన్నవారు, పిల్లలు ఉంటే ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోలేం.

ఆయుధాన్ని, తూటాలను వేర్వేరుగా తాళం వేసి ఉంచాలి. ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే జమచేయాలి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆత్మరక్షణ హక్కుకు భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు సెక్షన్లు హద్దులు నిర్ణయించాయి. ముప్పుకు మించిన బలం వాడితే చట్టం కాపాడదు.

బోరు లైసెన్సుకు సరిపోయి, నంబర్లు స్పష్టంగా ఉండి, సిలిండర్ గట్టిగా నిలిచి, ధర కొత్తదానికంటే తగినంత తక్కువగా ఉన్నప్పుడే పాత రివాల్వర్ గురించి ఆలోచించవచ్చు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కొత్తదే మేలు. తాళం వేసి దాచే చోటు ఇంట్లో లేనివారికి మాత్రం కొత్తదైనా పాతదైనా తగదు.