చేపల తొట్టెలో మొక్కకు ఎంత వెలుగు కావాలి?

హైస్కూలు సైన్సు ల్యాబులో చేసే ఒక ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బీకరులో నీళ్లు, అందులో నాలుగు హైడ్రిల్లా కాడలు, వాటి మీద బోర్లించిన గరాటు, దాని మీద నీళ్లతో నింపి తలకిందులుగా నిలిపిన పరీక్షనాళిక. ఎండ తగలగానే కాడల తెగిన కొసల నుంచి సన్నటి బుడగలు వరసకట్టి పైకి లేస్తాయి. అది ఆక్సిజన్. నీటిలో ముంచిన ఆకులు ఎండలో బుడగలు వదులుతాయనీ, చీకట్లో ఆ పని ఆగిపోతుందనీ డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ 1779లోనే రాశాడు.

ఎండకు బదులు టేబుల్ ల్యాంపు పెట్టి చూస్తే అసలు కథ మొదలవుతుంది. దీపాన్ని దగ్గరికి జరిపేకొద్దీ బుడగల జోరు పెరుగుతుంది. ఒక దశ దాటాక మాత్రం ఎంత దగ్గరికి తెచ్చినా అంతే. అప్పుడు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపితే బుడగలు మళ్లీ పుంజుకుంటాయి. వెలుగు సరిపోయాక మొక్కను ఆపుతున్నది కార్బన్ కొరత అన్నమాట. ఏ సరుకు అన్నిటికన్నా తక్కువగా అందుతుందో అదే మొత్తం వేగానికి కళ్లెం వేస్తుందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ 1905లో సూత్రీకరించాడు. అక్వేరియం లైటు కొనేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. దుకాణంలో మాత్రం సోడా మాట రాదు, వాట్ల మాటే వస్తుంది.

వాట్లు చెప్పేది లైటు ఎంత కరెంటు తాగుతుందన్న సంగతి. ల్యూమెన్లు చెప్పేది మనిషి కంటికి ఎంత వెలుగుగా కనిపిస్తుందన్న సంగతి. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పచ్చని కాంతికి అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది. మొక్క లెక్క వేరు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి రేణువులు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయన్నదే దానికి ముఖ్యం. దీన్ని మైక్రోమోల్‌లలో కొలుస్తారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆరుబయట ఇది దాదాపు 2,000 ఉంటుంది.

పత్రహరితం నీలం, ఎరుపు కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుందని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. దాన్ని పట్టుకుని ఊదారంగు ‘గ్రో లైట్లు’ అమ్ముతుంటారు. కానీ 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త పలు పంట మొక్కల ఆకులను ఒక్కో రంగు కింద పెట్టి కొలిస్తే, పచ్చని కాంతిని కూడా అవి చెప్పుకోదగ్గంతగా వాడుకుంటున్నాయని తేలింది. పైగా ఊదా వెలుగులో ఆకులు నల్లగా, చేపలు రోగమొచ్చినట్టుగా కనిపిస్తాయి. చూసి ఆనందించడానికి పెట్టుకున్న తొట్టెకు అంత శిక్ష అనవసరం. 6,500 కెల్విన్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ చాలు.

ఎంత చాలో లెక్క వేద్దాం. హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్‌లో ఒక ఇండిపెండెంట్ ఇంటి హాల్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె ఉందనుకుందాం. అడుగు భాగం రెండు చదరపుటడుగులు, అంటే సుమారు 0.19 చదరపు మీటరు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు వాటుకు 100 ల్యూమెన్ల చొప్పున 1,000 ఇస్తుంది. పక్కలకు పోయింది పోగా సగం కిందికి చేరినా చదరపు మీటరుకు 2,600 ల్యూమెన్ల పైచిలుకు, అంటే అన్ని లక్స్. తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే మైక్రోమోల్‌లు వస్తాయి. జవాబు 37. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్‌లకు 15 నుంచి 40 చాలని పెంచేవాళ్ల వాడుక లెక్క. వాలిస్నేరియా, హైగ్రోఫిలా కూడా ఇందులో బతికిపోతాయి. ఎర్రని రొటాలా, నేలంతా తివాచీలా పరుచుకునే చిన్న మొక్కలు కావాలంటే 60 దాటాలి. రోజుకు 8 గంటలు వేసినా ఆ ట్యూబుకు నెలకు రెండున్నర యూనిట్లు కూడా కాలవు.

ఈ లెక్క నమ్మబుద్ధి కాకపోతే ఫోనులో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, నీళ్లు పోయకముందే తొట్టె అడుగున ఫోను పెట్టి చూడొచ్చు. కచ్చితంగా చూపించకపోయినా, 70తో భాగించి చూస్తే 20కీ 80కీ తేడా తెలిసిపోతుంది. నీళ్లు వెలుగును మింగేస్తాయన్న భయం అడుగు లోతు తొట్టెకు వర్తించదు. తేట నీటిలో 30 సెంటీమీటర్లు దిగేసరికి ఎరుపు కాంతి పోయేది పదో వంతు, నీలం పోయేది లెక్కలోకే రాదు. తగ్గుదలకు అసలు కారణం వెలుగు పక్కలకు విచ్చుకుపోవడమే.

ఇప్పుడు వంటసోడా బయటపెట్టిన కార్బన్ కొరత దగ్గరికి వద్దాం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సమతూకంలో ఉన్న నీటిలో ఆ వాయువు లీటరుకు 0.6 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. అందులోనూ అది గాలిలో కదిలే వేగంలో పదివేలో వంతుతోనే ఆకును చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టుకునేవాళ్లు దాన్ని 20, 30 మిల్లీగ్రాములకు పెంచుతారు కాబట్టే వాళ్ల ఖరీదైన లైట్లకు అర్థం ఉంది. సిలిండరు లేని ఇంట్లో ఆ లైటే పెడితే మొక్క దాన్ని వాడుకోలేదు. ఆ మిగులుతో బాగుపడేది పాచి.

హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇక్కడ ఒక చిన్న వెసులుబాటుంది. బకెట్లకు, గీజర్లకు తెల్లటి పొర కట్టించే ఆ నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటాయి, ప్రయోగంలో వేసిన సోడా ఇచ్చేదీ అదే. హైడ్రిల్లా, వాలిస్నేరియా బైకార్బొనేట్ నుంచి నేరుగా కార్బన్ తీసుకోగలవు, అన్ని మొక్కలకూ ఆ విద్య రాదు. హైడ్రిల్లా మరీ గట్టిది, నిండు ఎండలో నూరో వంతు వెలుగున్నా నెట్టుకొస్తుంది. మన చెరువుల్లో మామూలుగా పెరిగే ఈ మొక్క 1950లలో అక్వేరియం సరుకుగా ఫ్లోరిడా చేరి, అక్కడి కాలువలను పూడ్చేసి ఇప్పటికీ ప్రభుత్వం చేత డబ్బు ఖర్చు పెట్టిస్తోంది. తొట్టెలో కత్తిరించిన కాడలను చెరువులో పారేయకూడదన్నది అందుకే.

పాచి కొత్త సమస్యేమీ కాదు. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850 ప్రాంతంలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియాతో తొట్టె పెట్టినప్పుడు కూడా కుళ్లిన ఆకులు, పచ్చటి జిగురు పేరుకున్నాయి. ఆయన నత్తలను దించి పని జరిపించాడు. ఇంట్లో అంతకన్నా సులువైన ఆయుధం టైమరు. కొత్త తొట్టెకు తొలి వారాల్లో 6 గంటలు చాలు, వేళ్లు పట్టాక 8కి పెంచొచ్చు. తూర్పు కిటికీ పక్కన పెట్టిన తొట్టెకు పొద్దుటి ఎండ లెక్కలోకి రాని లైటు, కాబట్టి తొట్టెను అక్కణ్నుంచి జరపాలి, లేదా కర్టెన్ వేయాలి. మే నెలలో ఎండ తగిలే నీళ్లు వేడెక్కుతాయి కూడా, వేడి నీటిలో వాయువులు తక్కువ కరుగుతాయి.

బోరు నీళ్ల రెండో ముఖం తొట్టె మీది అద్దపు మూతపై కనిపిస్తుంది. నీటి తుంపరలు అంటి ఆరిన చోటల్లా తెల్లటి మరకలు పేరుకుని కొన్ని నెలల్లో అద్దం మసకబారుతుంది. మొక్కలు డీలా పడ్డాయని పెద్ద లైటు కొనే ముందు, నిమ్మరసమో వెనిగరో అద్ది ఆ మూతను తుడిచి, కడిగి, దాని కింద లక్స్ మీటర్ మళ్లీ పెట్టి చూడటం మంచిది.