పేదవాడి ఐపీ: ఇంగ్లండ్‌లో డెట్ రిలీఫ్ ఆర్డర్

మన వైపు "ఫలానావాడు ఐపీ పెట్టాడట" అన్నారంటే ఆ మాటలో జాలి కన్నా కోపమే ఎక్కువ. చీటీలు నడిపినవాడో, పత్తి కొన్న వ్యాపారో లక్షలకు లక్షలు ఎగ్గొట్టి కోర్టు చాటున దాక్కున్నాడని వినేవాళ్లకు అర్థమవుతుంది. ఆ పిటిషన్‌కు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ప్లీడరు ఫీజు కట్టి, వాయిదాలకు తిరిగే ఓపిక ఉన్నవాడికే అది అక్కరకొస్తుంది. నలభై వేల అప్పుకు నలుగురి చేతా మాటలు పడే కూలీకి అలాంటి దారి ఒకటుందని కూడా తెలియదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలోనూ చాలాకాలం ఇదే వింత నడిచింది. దివాలా తీయాలన్నా చేతిలో డబ్బుండాలి. ఇప్పటికీ అక్కడ బ్యాంక్‌రప్ట్‌సీకి దరఖాస్తు పెట్టుకోవాలంటే 680 పౌండ్లు కట్టాలి. నెల గడవడమే గండంగా ఉన్నవాళ్లు ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే 2007లో చట్టం చేసి, 2009 ఏప్రిల్ 6 నుంచి డెట్ రిలీఫ్ ఆర్డర్ అనే చిన్న దారి తెరిచారు. దానికీ మొదట్లో 90 పౌండ్ల ఫీజు ఉండేది. 2024 ఏప్రిల్ 6న దాన్నీ ఎత్తేశారు.

మన పార్లమెంటు కూడా ఇలాంటిదే రాసుకుంది. 2016 నాటి దివాలా కోడ్‌లో 'ఫ్రెష్ స్టార్ట్' అనే అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అప్పు 35,000 మించకుండా, సొంత ఇల్లు లేనివాళ్లకు అప్పు మాఫీ చేయాలన్నది దాని ఉద్దేశం. కానీ ఆ కోడ్‌లో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1న కంపెనీలకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. కూలీకి పనికొచ్చే భాగం పుస్తకంలోనే ఉండిపోయింది. కాబట్టి ఇక్కడ చెప్పబోయేదంతా ఇంగ్లండ్, వేల్స్‌ల సంగతి. లెస్టర్‌లోనో, ఈస్ట్‌హామ్‌లోనో ఉంటున్న మనవాళ్లకు అది నేరుగా అవసరపడొచ్చు. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, ఉత్తర ఐర్లండ్‌లో పరిమితులు వేరు.

ఆర్డర్ చేసే పని చెప్పడానికి చాలా తేలిక. అది వచ్చిన రోజు నుంచి పన్నెండు నెలల పాటు, అందులో పేరున్న అప్పులవాళ్లు మీ వెంట పడకూడదు. కోర్టు ద్వారా వచ్చే జప్తు మనుషులు కూడా ఆ అప్పుల విషయంలో ఆగిపోవాలి. ఏడాది తిరిగేసరికి మీ పరిస్థితి మెరుగుపడకపోతే ఆ అప్పులు రద్దవుతాయి. దీనికోసం కోర్టు మెట్లెక్కాల్సిన పనీ లేదు.

ఎవరికి ఇస్తారన్నదే అసలు చిక్కు. ప్రస్తుతం మొత్తం అప్పు 50,000 పౌండ్లు దాటకూడదు. 2009లో ఇది 15,000 ఉండేది. పెంచుతూ పోయి 2024 జూన్ 28 నుంచి ఇక్కడికి తెచ్చారు. ఆస్తి విలువ 2,000 పౌండ్ల లోపే ఉండాలి. 4,000 పౌండ్ల వరకు విలువ చేసే ఒక బండిని మాత్రం ఇందులో కలపరు. మామూలు ఇంటి సామాను, బట్టలు, పనిముట్లు లెక్కలోకి రావు. సొంత ఇల్లుంటే దాదాపుగా కుదరనట్టే. గత ఆరేళ్లలో ఇలాంటి ఆర్డర్ ఒకటి తీసుకుని ఉండకూడదు. ఇవి కాక, నెల ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలేది 75 పౌండ్లు మించకూడదు.

ఈ చివరి షరతు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఒక లెక్క వేసి చూద్దాం. లెస్టర్‌లో ఒక కేర్ హోంలో రాత్రి డ్యూటీలు చేసే ఒకావిడకు చేతికొచ్చే జీతం 1,640 పౌండ్లు అనుకుందాం. అద్దె 720, కౌన్సిల్ టాక్స్ 110, కరెంటు గ్యాస్ 130, తిండి 330, బస్సులు 90, ఫోను ఇంటర్నెట్ 45, బట్టలూ చెప్పులూ 60, మిగతా చిల్లర 85. మొత్తం 1,570. మిగిలేది 70. అర్హత ఉంది. ఇదే ఆవిడ "పొదుపుగానే బతుకుతున్నా" అని చెప్పుకోవాలన్న పట్టుదలతో తిండి ఖర్చు 250 అని రాస్తే మిగులు 150 అవుతుంది, దరఖాస్తు తిరగగొడతారు. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఖర్చు తగ్గించి చెప్పుకోవడం అలవాటవుతుంది. అవతలి మనిషి తప్పు పడతాడన్న భయం కావచ్చు. ఇక్కడ ఆ భయం పనికిరాదు. పళ్ల డాక్టరు, కళ్లజోడు, పిల్లల స్కూలు ఖర్చులు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులను నెలకు విడగొట్టి వేసిన మొత్తం, అన్నీ రాయాలి. అలాగని పెంచీ రాయకూడదు. ఏ పద్దు కింద ఎంత ఖర్చు న్యాయమో చూసుకోవడానికి సలహాదారుల దగ్గర ఒక ప్రామాణిక పత్రం ఉంటుంది, అంతకు మించితే కారణం అడుగుతారు. ఇంటికి, అంటే ఇండియాకు, నెలనెలా పంపే డబ్బు మీద ప్రశ్నలు తప్పవు. దాచకుండా ముందే చెప్పేయడం నయం.

దరఖాస్తు ఎవరంతట వారు పెట్టుకోలేరు. ప్రభుత్వం ఆమోదించిన మధ్యవర్తి, అంటే అప్పుల సలహాదారు, మీ వివరాలన్నీ తీసుకుని ఆన్‌లైన్‌లో పంపాలి. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ లాంటి సంస్థల ద్వారా ఈ సాయం ఉచితంగా దొరుకుతుంది. అక్కడి నుంచి అది ఇన్సాల్వెన్సీ సర్వీసులోని అఫీషియల్ రిసీవర్ దగ్గరికి వెళ్తుంది. నిర్ణయం ఆయనదే. ఆర్డర్ వచ్చాక అప్పులవాళ్లకు అభ్యంతరం చెప్పడానికి 28 రోజులు ఉంటాయి. కానీ "నా డబ్బు పోతోంది" అన్నది అభ్యంతరం కిందకు రాదు. మీరు అర్హులు కారని, లేదా వివరాలు తప్పని వాళ్లు చూపించాలి.

సలహాదారు దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది అప్పుల జాబితా. ఆర్డర్ జాబితాలో లేని అప్పు మాఫీ కాదు. ఆమోదం వచ్చాక కొత్తగా చేర్చడానికీ వీలుండదు. మరిచిపోయిన అప్పు కలిస్తే మొత్తం 50,000 దాటిపోతుందని తేలితే ఆర్డరే రద్దు కావొచ్చు. క్రెడిట్ రిపోర్టులు తెప్పించుకుని, వాటిలో కనిపించని కౌన్సిల్ టాక్స్ బకాయిలు, పాత ఇంటి అద్దె, కరెంటు బిల్లులు, ఎక్కువగా అందుకున్న ప్రభుత్వ భృతి విడిగా రాసుకోవాలి. ఇద్దరి పేరు మీదున్న అప్పును మొత్తంగా చూపించాలి, సగం కాదు. మీ వంతుకు మీరు బయటపడ్డా, రెండో మనిషిని మొత్తానికీ పట్టుకుంటారు.

ఇప్పుడు మనవాళ్ల దగ్గర ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. మన బుర్రలో అప్పులు రెండు రకాలు. బ్యాంకువి, కార్డువి ఒకటి. బాబాయి ఇచ్చిన చేబదులు, రూమ్మేట్ దగ్గర తీసుకున్న 600, ఊళ్లో వడ్డీకి తెచ్చినది ఇంకొకటి. కష్టం వచ్చినప్పుడు "ముందు మనవాళ్లది తీర్చేద్దాం, బ్యాంకు ఎటూ పోదు" అనుకోవడం మనకు ధర్మంలా అనిపిస్తుంది. ఈ చట్టం దృష్టిలో అది తప్పు పని. దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఒక అప్పులవాడిని మిగతావాళ్ల కన్నా మంచి స్థితిలో ఉంచాలనే చెల్లింపు చేసి ఉంటే, దాన్ని పట్టుకుని దరఖాస్తును తిరస్కరించొచ్చు. అదే కాలంలో ఆస్తిని ఊరికే గానీ, తక్కువ ధరకు గానీ ఇంకొకరి పేర పెట్టినా అంతే. ఊళ్లో స్థలం తమ్ముడి పేర రాసేసి అర్హత తెచ్చుకుందామనుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. ఇంకా ముఖ్యం, బాబాయి చేబదులు కూడా అప్పే. జాబితాలో ఆయన పేరు ఉండాలి. ఆయనకు రిసీవర్ ఆఫీసు నుంచి నోటీసు వెళ్తుంది. ఆ సిగ్గుకు భయపడి పేరు దాచేసేవాళ్లను తప్పు పట్టలేం గానీ, దాస్తే నష్టం వాళ్లకే. ముందుగా ఫోన్ చేసి విషయం చెప్పడం మంచిది. ఏడాది గడిచి అప్పు రద్దయ్యాక మీ ఇష్టంతో ఆయనకు ఏమిచ్చుకున్నా అడ్డు చెప్పేవాళ్లుండరు.

ఆస్తి దగ్గరా ఇదే కథ. 2,000 పౌండ్ల పరిమితి ఇంగ్లండ్‌లో ఉన్నదానికే కాదు, ఎక్కడున్నా వర్తిస్తుంది. గుంటూరు దగ్గర మీ పేర ఉన్న ప్లాటు, కరీంనగర్‌లో కడుతున్న చీటీలో ఇప్పటిదాకా వేసిన సొమ్ము, పెళ్లికి పెట్టిన బంగారం, అన్నీ లెక్కే. ఈనాటి బంగారం ధరకు మామూలు పెళ్లి నగలు కూడా 2,000 పౌండ్లను ఇట్టే దాటేస్తాయి. ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందో లేదో తెలియకపోతే ఆ అనుమానాన్నే చెప్పాలి. రేపు బయటపడితే ఆర్డర్ పోవడమే కాదు, నిజం దాచినందుకు రెండు నుంచి పదిహేనేళ్ల వరకు అదనపు ఆంక్షలు పెట్టే అధికారం వాళ్లకుంది. మరీ ఘోరమైతే క్రిమినల్ కేసు.

చదువు అప్పు సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. ఇంగ్లండ్ ప్రభుత్వ విద్యార్థి రుణాలు ఈ ఆర్డర్‌తో మాఫీ కావు. మన బ్యాంకులో తండ్రి హామీతో, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణం సంగతి ఇంకా వేరు. ఆర్డర్ ఇంగ్లండ్, వేల్స్‌ల చట్టం కింద వచ్చేది. ఇండియాలోని బ్యాంకు ఇండియా కోర్టులో తండ్రి మీద, ఇంటి మీద వెళ్లకుండా అది ఆపుతుందని ఆశించకూడదు.

మాఫీ కానివి ఇంకా ఉన్నాయి. మేజిస్ట్రేట్ కోర్టు జరిమానాలు, పిల్లల పోషణకు కట్టాల్సినవి, సోషల్ ఫండ్ రుణాలు అలాగే ఉంటాయి. వాయిదాల మీద కారు తీసుకున్నవాళ్లు అది వెనక్కి పోతుందేమో ముందే అడిగి తెలుసుకోవాలి. అద్దె బకాయి విచిత్రమైనది. ఆ డబ్బు కట్టమని అడగడానికి వీల్లేదు, కానీ ఆ బకాయినే కారణంగా చూపి ఇల్లు ఖాళీ చేయించమని యజమాని కోర్టుకు వెళ్లొచ్చు. 2011లో అప్పీల్ కోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. నా దృష్టిలో ఈ చట్టంలో పేదవాడికి అన్నింటికన్నా పెద్ద చిల్లు ఇదే. గూడు పోతుందనే భయం ఉన్నవాళ్లు దరఖాస్తు పంపకముందే ఇళ్ల విషయం తెలిసిన సలహాదారుతో మాట్లాడుకోవాలి.

ఎప్పుడు పంపాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఆరేళ్లకు ఒక్కసారే దొరికే అవకాశం ఇది, ఆర్డర్ వచ్చాక చేసిన అప్పులు ఇందులోకి రావు. పాత జీతం బకాయిలు ఒకేసారి రాబోతున్నాయనుకోండి, ఆ సొమ్ము చేతికొచ్చాక ఆర్డర్ రద్దయ్యే ప్రమాదముంది. సలహాదారుతో తేదీలు చూసుకోవాలి. జప్తు మనుషులు తలుపు కొడుతుంటే, 2021 మే నుంచి ఉన్న 'బ్రీదింగ్ స్పేస్' కింద 60 రోజుల ఊరట అడగొచ్చు. ఆ రెండు నెలల్లో కాగితాలు తయారు చేసుకోవచ్చు. ఇంకో చిన్న జాగ్రత్త: జీతం వచ్చే బ్యాంకుకే మీరు ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఉంటే, వాళ్లు ఖాతా ఆపేయొచ్చు, డబ్బు సర్దుకోవచ్చు. ముందే వేరే బ్యాంకులో సాధారణ ఖాతా తెరిచి జీతం అటు మళ్లించుకోవాలి.

ఆర్డర్ ఉన్న ఏడాదిలో 500 పౌండ్లు, ఆపైన అప్పు కావాలంటే ఇచ్చేవాడికి ఈ సంగతి చెప్పి తీరాలి. కోర్టు అనుమతి లేకుండా కంపెనీ డైరెక్టరుగా ఉండకూడదు. జీతం పెరిగినా, ఏదైనా కలిసొచ్చినా రిసీవర్‌కు తెలియజేయాలి. పేరు, చిరునామా ఎవరైనా చూడగలిగే ఆన్‌లైన్ రిజిస్టరులో ఉంటాయి. ఇంట్లో హింస నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు చిరునామా కనబడకుండా చూడమని కోర్టును అడగొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట: ఈ ఆర్డర్ 'పబ్లిక్ ఫండ్స్' జాబితాలో లేదు, కాబట్టి ప్రభుత్వ భృతి తీసుకున్నట్టు కాదు. కానీ ఆసుపత్రి బాకీ 500 పౌండ్లు, ఆపైన ఉంటే వీసా దరఖాస్తుకు చిక్కు రావొచ్చు. అలాంటి బాకీ ఉన్నవాళ్లు, పౌరసత్వానికి సిద్ధమవుతున్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ సలహాదారును కూడా కలవడం అవసరం.

ఫోన్‌లో "ప్రభుత్వ పథకం, మీ అప్పులో 80 శాతం మాఫీ" అనే ప్రకటనలు కనబడితే దాటేయండి. వాటి వెనక ఎక్కువగా ఉండేది ఐవీఏ అనే ఒప్పందం. ఐదారేళ్ల పాటు నెలనెలా కట్టాలి, అందులో ఫీజులూ ఉంటాయి. ఇలా మనుషుల్ని అటు పంపినందుకు కమీషన్ తీసుకునే సంస్థలకు అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2023 అక్టోబరు నుంచి అడ్డుకట్ట వేసింది. అయినా ప్రకటనలు ఆగలేదు. నెలకు 75 పౌండ్లు కూడా మిగలని మనిషికి ఐవీఏ సరిపోవడం అరుదు.

ఏడాది పూర్తయ్యాక మరో మూడు నెలలకు రిజిస్టరులో పేరు తీసేస్తారు. ఆ లోపే ఆ పేజీని అచ్చు వేసి దాచుకోవాలి. రెండు మూడేళ్ల తర్వాత పాత అప్పును ఏ వసూళ్ల కంపెనీయో కొనుక్కుని ఉత్తరం రాస్తే, అది ఆర్డర్‌తో రద్దయిందని చూపించడానికి, ఆర్డర్‌లోని అప్పుల జాబితాతో పాటు ఆ కాగితం అక్కరకొస్తుంది. క్రెడిట్ రిపోర్టులో మాత్రం ఆర్డర్ వచ్చిన తేదీ నుంచి ఆరేళ్లు కనబడుతూనే ఉంటుంది. ఏడాది ముగిశాక మళ్లీ రిపోర్టు తెప్పించుకుని, రద్దయిన ప్రతి అప్పు ఎదురుగా బాకీ సున్నా అని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే సరిచేయమని ఆ సంస్థకు రాయాలి.